భుజం మీద చెయ్యి

మేక కాలు పోయిందని నాకు ఫోన్ వచ్చింది.

"బేతేలు స్టూడియో దీవెన గారేనా? గ్రూపు ఫోటోల్లోంచి మనుషుల్ని కత్తిరించేది మీరేగా? మా దగ్గర ఒక మేకకి కాలు పోయిందమ్మా, ఒకసారి రాగలరా?" అని అడిగిందొకావిడ. ఎవరో పొద్దున్నే తాగి మాట్లాడుతున్నారనుకుని నోటికొచ్చిన నాలుగూ తిట్టి పెట్టేశాను. నా నోరు మంచిది కాదు. ఆ సంగతి చీరాలంతా తెలుసు.

నా పని కూడా చీరాలంతా తెలుసు. ఇంట్లో ఒక మనిషి పోతాడు. గోడకి దండేసి పెట్టడానికి ఫోటో కావాలి. బతికున్నన్నాళ్ళూ ఒంటరిగా ఒక్క ఫోటో దిగడు మహానుభావుడు. ఏదో పెళ్ళి ఆల్బమ్ పట్టుకుని ఏడుస్తూ మా స్టూడియోకి వస్తారు. నలుగురి మధ్య పళ్ళికిలించి నిలబడ్డ ఆయన్ని నేను వెంట్రుక వెంట్రుకా విడదీసి, వెనక నీలం రంగు వేసి, బనీను మీదుంటే కోటు తొడిగి ఇవ్వాలి. అన్నిటికన్నా చిక్కు ఎక్కడొస్తుందంటే, ఎవడిదో చెయ్యి ఆయన భుజం మీద ఉంటుంది. ఆ చెయ్యి తీసేస్తే దాని కింద భుజం ఉండదు, కెమెరా చూస్తేగా! అవతలి భుజం ముక్క తెచ్చి అతకాలి. పదహారేళ్ళలో ఎన్ని చేతులు తీసుంటానో లెక్కలేదు. ఎడంచేతి వాటం నాది. మౌసు పట్టానంటే గీత వణకదు.

ఫోన్ చేసినావిడ మర్నాడు మనిషే వచ్చేసింది. డాక్టర్ త్రిపురసుందరి. యాభై దాటిన మనిషి, నూలు చీర, చెప్పులకి బురద. నా తిట్ల సంగతి ఎత్తకుండా కారెక్కించుకుని వేటపాలెం రోడ్డులో పాత పొగాకు గోడౌన్‌కి తీసుకెళ్ళింది. అదే ఆవిడ ల్యాబు. లోపల ఇంకా పొగాకు ఘాటు కొడుతూనే ఉంది.

"ఇది కెమెరా కాదు దీవెనా. పలక," అంది సుందరి మేడం, పుస్తకమంత నల్ల గాజుబిళ్ళ చూపించి. "దీంట్లో పడ్డ బొమ్మకీ ఆ ఒంటికీ మధ్య తెగని లంకె ఉంటుంది. బొమ్మలో ఏది తీస్తే ఒంట్లోంచి అది పోతుంది. క్యాన్సర్ గడ్డ అనుకో, కత్తి లేకుండా, మత్తు లేకుండా తీసేయొచ్చు. కానీ కంప్యూటరుకి అంచులు తెలియట్లేదు. మేక కాలి మీది గడ్డా, ఆ కాలూ ఒకే రంగులో ఉంటే రెండూ కలిపి తీసేసింది. నాకు అంచు తెలిసిన చెయ్యి కావాలి."

నేను నవ్వాను. నవ్వనా మరి! అప్పుడావిడ రెండు మేకలు ఆనుకుని నిలబడ్డ పలక ఒకటి కంప్యూటరు తెర మీద తెరిచింది. ముందు మేక చెవి మీద కంతి ఉంది. దాని చుట్టూ గీత గీసి తీయబోయింది. చెయ్యి జారింది. చెవి మొత్తం పోయింది.

పక్క గదిలో రెండు మేకలూ ఒక్కసారే అరిచాయి. పరిగెత్తాను. ముందు మేకకి చెవి లేదు. వెనక మేకకి మెడ మీద చెవి ఆకారంలో లోతుగా గుంట పడి, నెత్తురు గోడ మీదికి చిమ్ముతోంది. ఆ చెవి వెనక ఏముందో పలక చూడలేదు. చూడనిచోట ఏమీ లేదన్నమాటే. నేను వెనక్కొచ్చి అలవాటుకొద్దీ అన్‌డూ నొక్కాను. బొమ్మలో చెవి ఒక్క క్షణం కనబడి, మళ్ళీ పోయింది. వెనక మేక కాసేపు కాళ్ళు కొట్టుకుని చచ్చిపోయింది.

"ఒంటికి అన్‌డూ లేదు," అంది మేడం. ఆవిడ మొహం పాలిపోయి ఉంది. "ఇంకోచోట నుంచి తెచ్చి అతికితే అతుక్కుంటుంది. కానీ ఇక్కడ నకలు రాదు. తెచ్చినచోట పోతుంది."

ఛీ, ఈ పాపపు పని నాకొద్దని లేచి వచ్చేయాల్సింది. రాలేదు. ఎందుకంటే ఆ క్షణం నాకు మా కెజియా చెంప గుర్తొచ్చింది.

కెజియా నా చెల్లెలు. అమ్మ పోయినప్పుడు దానికి ఆరేళ్ళు. నేనే పెంచాను. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే తీమోతి అనేవాణ్ణి ఇష్టపడి చర్చిలో పెళ్ళి చేసుకుంది. రెండేళ్ళు తిరక్కుండా, కూరలో ఉప్పు ఎక్కువైందని కాలిన అట్లకాడ తెచ్చి దాని కుడి చెంప మీద పెట్టాడు. మూడు వేళ్ళ వెడల్పు మచ్చ. చర్చిలో కూడా ముసుగు తీసేది కాదు. "స్టవ్ దగ్గర జారిపడ్డానక్కా" అనేది నాతో. జారిపడితే అట్లకాడ అచ్చు పడుతుందా, నేనేమన్నా గుడ్డిదాన్నా!

ఆర్నెల్లు మేకల మీద పని చేశాను. మొదట నా బొమ్మే పలకలో తీసింది మేడం, మనిషి తోలు రంగు సరిచూసుకోడానికి. నడుం దాకా, చేతుల్లేని రవికతో, రెండు భుజాలూ కనబడేట్టు. ఒక మనిషికి ఒక పలకే. రెండోది తీస్తే అంటదు. ఏడాదికి పలక దానంతటదే చల్లబడి చచ్చిపోతుంది. ఆ ఏడాదీ బొమ్మ తీసిన రోజు నిలబడ్డట్టే నిలబడి ఉంటుంది కానీ, ఒంటి మీద ఏం జరిగితే అది అప్పటికప్పుడు దాంట్లో కనబడుతుంది. నా వేలికి సూది గుచ్చుకుంటే నా పలకలో చుక్క నెత్తురు పొంగేది.

నా చెయ్యి కుదిరాక, మనుషుల్లో మొదటి కేసుగా మా కెజియానే తెస్తానన్నాను. మేడం సరేనంది.

తీమోతి కూడా వచ్చాడు. "నా పెళ్ళాం ఒక్కతే ఫోటో దిగదు వదినా," అని దాని పక్కన నిలబడి, కుడిచెయ్యి ఎత్తి దాని ఎడమ భుజం మీద వేశాడు. చేతుల్లేని రవికలోంచి బయటికున్న దాని భుజం మీద, వేళ్ళు నొక్కిపెట్టి. చూపుడువేలి మీద వెల్డింగ్ కాలిన తెల్లమచ్చ.

"చెయ్యి తీయించు దీవెనా, ఫ్రేములోకి వస్తోంది," అంది మేడం.

తీయించబోతే వాడు అలిగి దాన్ని లాక్కుని వెళ్ళిపోతాడు. అదీగాక, స్టూడియోలో మేం రోజుకి వందసార్లు అనే మాట నా నోటికి అలవాటుగా వచ్చేసింది.

"ఉండనీండి మేడం. తర్వాత తీసేద్దాం."

పదహారేళ్ళుగా అంటున్న మాట. ఎవరి వెనకో కుక్క ఉంటే, తర్వాత తీసేద్దాం. ఎవరి చెయ్యో అడ్డొస్తే, తర్వాత తీసేద్దాం. ఇది స్టూడియో కాదని, దాని కింద భుజం ఉండదని, వెనక మేక ఎలా చచ్చిందో కళ్ళారా చూసిన నేనే అన్నాను. నా నాలిక తెగిపోను! పలక పడింది. దాంట్లో కెజియా నడుం దాకా వచ్చింది, వాడిది మాత్రం మణికట్టు దాకా చెయ్యొక్కటే వచ్చింది.

చెంప పని మూడు గంటలు పట్టింది. చుట్టూ ఉన్న తోలు పిసరంత పిసరంత లాగి మచ్చ మీదికి తెచ్చాను. పక్క గదిలో కుర్చీలో కూర్చున్న కెజియా, "చీమలు పాకుతున్నట్టుందక్కా," అంటూనే ఉంది. ఆఖరికి అద్దం ఇచ్చాం. అది చెంప మళ్ళీ మళ్ళీ తడుముకుంది. తర్వాత నన్ను వాటేసుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సుందరి మేడం గోడవైపు తిరిగి ముక్కు చీదుకుంది. తీమోతి ఒక్కడే ఏడవలేదు. కెజియా మొహాన్ని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొత్తదానిలా చేశావే వదినా," అన్నాడు.

తర్వాతి సోమవారం వాడే దాన్ని బండి మీద తెచ్చాడు. ఎడమ కన్ను మూసుకుపోయింది. పెదవి చీలి పళ్ళు కనబడుతున్నాయి.

"కాస్త సాపు చెయ్యి వదినా," అన్నాడు, సొట్టపడ్డ లారీ డోరు తెచ్చినట్టు.

వాడి మీదికి స్టూలు విసిరాను. తప్పుకుని నవ్వాడు. కెజియా నా కాళ్ళు పట్టుకుంది. "గొడవపడకక్కా, ముందు నొప్పి తీసెయ్యి. తట్టుకోలేకపోతున్నా." కమిలిన నెత్తురు తీసేస్తే నొప్పి కూడా పోతుంది. ఎలా ఊరుకోను? తీశాను. పెదవి అతికాను. సాయంత్రానికి దాని మొహం కడిగిన పళ్ళెంలా ఉంది. వాడు ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

అక్కణ్ణుంచి ప్రతి సోమవారం అంతే. వాడికి భయం పోయింది. అట్లకాడ మచ్చ తర్వాత చర్చిలో ఎవరైనా చూస్తారని వీపు మీదే కొట్టేవాడు, ఇప్పుడు మొహం మీదే కొడుతున్నాడు. పోతుందిగా! ఒకసారి ముక్కు ఎముక. ఒకసారి చెవి తమ్మె కొరికేశాడు. ఒక్కొక్కటీ సరిచేసినప్పుడల్లా చుట్టుపక్కల కండ లాగి అతకాలి కాబట్టి, కెజియా మొహం వారవారానికీ చిక్కిపోతోంది. దవడ ఎముకలు తేలాయి. చూసినవాళ్ళు సన్నబడ్డావే అనేవారు.

"మేడం, ఇది ఆపాలి," అన్నాను తొమ్మిదో సోమవారం.

మేడం కళ్ళు దించుకుంది. "ఈ కేసు మీదే మనకి అనుమతులు రావాలి దీవెనా. నోట్లో క్యాన్సర్‌తో పొగాకు కూలీలు ఎంతమంది ఎదురుచూస్తున్నారో నీకు తెలుసు. ఇంకొన్ని వారాలు."

"మీ చెల్లెలైతే ఇంకొన్ని వారాలు అనేవారా?"

మేడం లేచి పలకలు బీరువాలో సర్దింది. ఆవిడ చెడ్డది కాదు. అదే నాకు మరీ ఒళ్ళు మండించింది.

కెజియాని తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సై మంచిగానే కూర్చోబెట్టాడు. మొత్తం విన్నాడు. కెజియా మొహంలోకి లైటు వేసి చూశాడు. "దెబ్బలేవమ్మా? అట్లకాడతో కాల్చాడంటావు, ముక్కు విరగ్గొట్టాడంటావు. ఒక్క గీటు లేదు. నేను ఏం రాసుకోను?"

వాడు కొట్టిన ప్రతి దెబ్బనీ నేనే, ఈ ఎడంచేత్తోనే, వెంట్రుకవాసి అంచు కనబడకుండా చెరిపేశాను. వాడి తరఫున సాక్ష్యం మాపింది నేను.

బయటికొచ్చి కెజియాతో చెప్పాను. "ఇక నొప్పి తీయనే. ఏడ్చినా తీయను. ఈసారి దెబ్బతోనే ఈ స్టేషన్‌కి రావాలి. వాడు సోమవారం పొద్దున ల్యాబుకి రమ్మంటే రానని చెప్పు. నా దగ్గర ఉండిపో అంటే ఉండవుగా."

"బట్టలూ కాగితాలూ ఆ ఇంట్లోనే ఉన్నాయక్కా. మంగళవారం ఆయన పనికి వెళ్ళాక తెచ్చుకుని వచ్చేస్తా," అంది. దాని గొంతులో భయం ఉంది, అయినా తలెత్తే చెప్పింది. సోమవారం అది రాలేదు. వాడూ రాలేదు.

మంగళవారం పదకొండు గంటలకి నేను ల్యాబులో ఉన్నాను. వారానికోసారి దాని పలక తెరిచి రంగు చూసుకోవాలి. తెరిచాను. ఆ వారంలో పడ్డ దెబ్బ పసుపు తిరిగి కనబడింది, కంటి కింద. సరే, సాక్ష్యం ఉందిలే అనుకున్నాను.

చూస్తుండగా పెదవి చీలింది.

తెర మీద, నా ఎదురుగా, బొమ్మ కదలకుండా నవ్వుతూనే ఉంది, పెదవి మాత్రం చీలి నెత్తురు గడ్డం మీదికి కారింది. తర్వాత కనుబొమ్మ పగిలింది. భుజం మీదున్న తీమోతి చేతికి వేళ్ళ కణుపులు ఎర్రబడ్డాయి, తోలు లేచింది. కెజియా బట్టలు సర్దుకుంటుంటే వెనక్కొచ్చి పట్టుకున్నాడని అర్థమైంది.

కెజియాకి ఫోన్ చేశాను. వాడు ఎత్తాడు.

"చూస్తున్నావా వదినా?" ఆయాసపడుతున్నాడు. వెనక కెజియా ఏడుపు. "స్టేషన్‌కి తీసుకెళ్ళావంటగా. నా మీద కేసా? చూడు మరి. బాగా చూడు. సాపు చెయ్యడానికి నువ్వున్నావుగా."

ఫోను కింద పడేసిన చప్పుడు. కెజియా "అక్కా" అంది ఒక్కసారి. ఆ తర్వాత దాని గొంతు రాలేదు.

తెర మీద దాని మెడ చుట్టూ వేళ్ళు లేచాయి. అటు నాలుగు, ఇటు నాలుగు, మధ్యలో రెండు బొటనవేళ్ళు, తెల్లగా, ఆ తర్వాత నల్లగా. మొహం రంగు మారుతోంది. వాళ్ళ ఇల్లున్న పేరాల ఇక్కడికి ఎనిమిది కిలోమీటర్లు. ఎంత తొక్కినా పావుగంట. దానికి రెండు నిమిషాలు కూడా లేవు.

కత్తిరింపు గీత గీసే పెన్ టూల్ అందుకున్నాను.

"దీవెనా, వద్దు!" మేడం వచ్చి నా భుజం పట్టి లాగింది. "ఆ చెయ్యి కింద ఏమీ లేదు! తీస్తే దాని భుజం కూడా పోతుంది, వెనక మేకలా చస్తుంది! ముందు కింద అతుకు వెయ్యాలి!"

"అతుకు వెయ్యడానికి గంట పడుతుంది మేడం! అది నల్లబడిపోతోంది, చూడండి!"

ఇంకా లాగుతుంటే ఆవిడ చెయ్యి కొరికాను. మోచేత్తో ఒక్కటిచ్చాను, వెళ్ళి బీరువాకి కొట్టుకుంది. మణికట్టు మొదలుకుని తొమ్మిది చుక్కలు పెట్టాను. ఒక చెయ్యి చుట్టూ నూటయాభై పెట్టేదాన్ని, తొమ్మిదే పెట్టాను. వెంట్రుకలు చూడలేదు. అంచు మెత్తబరచలేదు. స్టూడియోలో చేరిన మొదటివారం కూడా అంత మోటుగా కత్తిరించలేదు నేను.

డిలీట్ నొక్కాను.

ఫోనులోంచి తీమోతి అరుపు వినబడింది. పశువు అరిచినట్టు అరిచాడు. దాని వెనకే కెజియా ఊపిరి, గరగరా లాక్కుంటూ. బతికుంది! ఆ మరుక్షణం అది కూడా అరిచింది. తెర మీద దాని ఎడమ భుజం ఉండాల్సినచోట, అయిదు వేళ్ళ ఆకారంలో ఎముక దాకా గుంట. నెత్తురు కడవతో పోసినట్టు కారుతోంది.

"నా పలక," అన్నాను.

మేడం నుదురు చిట్లి ఉంది. లేచి, బీరువా తెరిచి, నా పలక తెచ్చి కెజియా పలక పక్కన పెట్టింది. 

ఎడమ భుజానికి ఎడమ భుజమే కావాలి. నా బొమ్మలో నా ఎడమ భుజం మీద, అతుకు తీసుకునే చోటుగా, సోర్సు పెట్టాను. దాని గుంట మీద మౌసు నొక్కి మొదటి దెబ్బ వేశాను. నా భుజం లోంచి ఎవరో గరిటెతో తోడినట్టయింది. నేను పెట్టిన కేక నాకే వినబడలేదు. రెండో దెబ్బ. మూడోది. రవిక తడిసి బల్ల మీదికి నెత్తురు కారింది. నాలుగోదానికి నా ఎడంచేతి వేళ్ళు మౌసు మీదనుంచి వాటంతటవే జారిపోయాయి. ఇక లేవలేదు.

మౌసు కుడిచేతికి మార్చుకున్నాను. కుడిచేత్తో నేను సంతకం కూడా పెట్టలేను. అయినా పూశాను, చిన్నపిల్లలు గోడ మీద రంగు పూసినట్టు. గుంట నిండేదాకా, నెత్తురు ఆగేదాకా. మేడం నా భుజాన్ని తన చీర చెంగుతో అదిమిపట్టి, ఇంకో చేత్తో అంబులెన్సుకి ఫోన్ చేస్తోంది, ముందు పేరాలకి, తర్వాత మాకు.

"ఇంకా నాలుగు చుక్కలంత ఉంది, దీవెనా. ఎడమ పక్కన. ఆఁ, అక్కడే," అంటోంది ఏడుస్తూ. ఆ తర్వాత నాకు తెలివి లేదు.

నేను కళ్ళు తెరిచింది ఆసుపత్రిలో. పక్క మంచం మీద కెజియా. మెడకి ఆ పది వేళ్ళ గుర్తులూ నేరేడుపండు రంగులో నిగనిగలాడుతున్నాయి. గొంతు పోయింది, గుసగుసగా మాట్లాడుతోంది.

"మింగుడుపడట్లేదక్కా. వీటిని తీసేస్తావా?"

"నోర్మూసుకుని పడుకో. ఎస్సైని రానీ."

ఎస్సై వచ్చాడు. ఈసారి లైటు వేసి చూడాల్సిన అవసరం రాలేదు. మామూలు కెమెరాతో దాని మెడని అన్ని వైపులనుంచీ ఫోటోలు తీయించాడు. వాటిని ఎవరూ సాపు చేయలేదు. తర్వాత నా వైపు తిరిగాడు. "వాడి కుడిచెయ్యి మణికట్టు దాకా లేదమ్మా. ఇల్లంతా వెతికాం. కత్తి దొరకలేదు, చెయ్యీ దొరకలేదు." నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేనే తీశానని, ఎలా తీశానో. రాసుకోబోయి, కలం ఆపి, నా మంచం పక్కన నిలబడ్డ మేడం వైపు చూశాడు. ఆవిడ అవునంది. తన తప్పు కూడా చెప్పింది, తొమ్మిదో సోమవారం సంగతితో సహా. ల్యాబుకి తాళాలు పడ్డాయి. మా ఇద్దరి మీదా కేసులు ఇంకా నడుస్తున్నాయి. దీనికి ఏ సెక్షన్ పెట్టాలో వకీళ్ళకే తెలియట్లేదంట. నడవనీ. ఆ తొమ్మిది చుక్కలకి ఏ శిక్ష వేసినా పడతాను. మళ్ళీ అవసరమైతే మళ్ళీ పెడతాను.

తీమోతి కోర్టులో చేతిలేని మణికట్టు ఎత్తి చూపించి జడ్జిగారి ముందు ఏడ్చాడు. మా వకీలు ఆ మెడ ఫోటో బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు ఎక్కడా లేని ఆ కుడిచేతి వేళ్ళు అయిదూ దాంట్లో ఉన్నాయి, చూపుడువేలి మచ్చ నొక్కుకున్న గీటుతో సహా. పదేళ్ళ శిక్ష పడింది.

పలకలు రెండూ చల్లబడ్డాయి. నా ఎడంచెయ్యి మోచెయ్యి దాకా లేస్తుంది, అంతకుమించి లేవదు. అంచులు కత్తిరించే పని ఇక నాకు లేదు. బేతేలు స్టూడియోలో కెజియా నా కుర్చీలో కూర్చుంటోంది, నేను పక్కన కూర్చుని తిడుతూ నేర్పుతున్నాను. దాని ఎడమ భుజం మీద నా తోలు అతుకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నాది కాస్త నలుపు, అదేమో పసుపు. అంచు వంకరటింకరగా ఉంది. నా పదహారేళ్ళ పనిలో అంత చెత్త పని ఇంకోటి లేదు. అది మాత్రం ముసుగు వేసుకోవడం మానేసింది.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక, "మనిద్దరం కలిసి ఒక్క ఫోటో కూడా లేదక్కా," అంది. స్టూడియోలో కొత్తగా చేరిన కెమెరామన్ సుధీర్‌ని పిలిచి మమ్మల్ని నిలబెట్టమంది. నా పక్కన నిలబడి, కుడిచెయ్యి తెచ్చి నా ఎడమ భుజం మీద వేసింది. అక్కడ కండ లేదు, గుంటే ఉంది. దాని చెయ్యి ఆ గుంటలో సరిగ్గా పట్టింది. ఎవరూ ముట్టుకోని చోటది, డాక్టరు తప్ప. వెచ్చగా ఉంది.

సుధీర్ కెమెరాలోంచి తలెత్తాడు. "కెజియా గారి చెయ్యి మీ భుజాన్ని కప్పేస్తోంది మేడం. ఫర్లేదు, అలాగే ఉండండి. తర్వాత తీసేద్దాం."

"ఆ చెయ్యి ముట్టుకున్నావంటే చంపేస్తా," అన్నాను.

వాడు బిక్కమొహం వేశాడు. కెజియా పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే ఫోటో పడింది.